నా అన్నాడా, నీ అన్నాడా

సముద్రం ఒడ్డున ఉన్న మా కారిగీల్‌లో లాయరు గుమ్మం గుట్టుగా తొక్కడం ఎవరి తరమూ కాదు. ఉన్నదే ఒక వీధి. ఆ వీధికి ఈ పక్క జార్లత్ డర్కన్ ఆఫీసు, సరిగ్గా దానికెదురుగా ఆ పక్క ఈటా కిల్బేన్ ఆఫీసు. గుమ్మం ఎక్కినవాడు మళ్ళీ దిగేలోపు, వాడు వెళ్ళింది వీలునామా రాయించడానికా, గట్టు తగాదాకా, పెళ్ళాంతో తెగతెంపులు చేసుకోవడానికా అన్నది రొట్టెల దుకాణంలో తేలిపోతుంది. తేలింది తప్పయినా ఫర్వాలేదు, ఊళ్ళో అదే నిలబడుతుంది.

మా ఊళ్ళో ఇంకో మాట ఉంది. కోర్టుకిచ్చే ప్రమాణ పత్రం మీద ఎవరి లాయరు వాళ్ళచేత ప్రమాణం చేయించకూడదు. ఇంకో లాయరు ముందు నిలబడి, పవిత్ర గ్రంథం చేత్తో పట్టుకుని చెయ్యాలి. అంచేత డర్కన్ దగ్గరి మనుషులు కాగితం పట్టుకుని వీధి దాటి ఈటా దగ్గరికి వెళతారు, ఈటా మనుషులు వీధి దాటి డర్కన్ దగ్గరికి వస్తారు. తాతల నాటి నుంచీ అలా దాటి దాటి, వీధి దాటడం అంటేనే ప్రమాణం చెయ్యడం అయిపోయింది. పబ్బులో ఎవడైనా తను పట్టిన చేప ఎంత పొడుగో చేతులు చాపి చూపిస్తుంటే, "వీధి దాటి చెబుతావా?" అని అడుగుతారు. వాడు నోరు మూసుకుని చేతులు కాస్త దగ్గరికి జరుపుకుంటాడు.

సబీనా లవెల్ డెబ్బై దాటిన మనిషి. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా వీధి దాటలేదు. దాటాల్సిన అవసరం రాలేదు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు, అన్నదమ్ముల్లేరు, పంపకాల్లేవు. ఊరి చివర సముద్రం వైపు తండ్రి కట్టిన ఇల్లు, దాని వెనక ఒక చిన్న పొలం. సముద్రం బాగా వెనక్కి తగ్గే పెద్ద ఆటు రోజుల్లో రాళ్ళ మధ్య నత్తలు ఏరడం, వేసవిలో ఎర్రనాచు కోసి ఎండబెట్టడం, లారీ వస్తే అమ్ముకోవడం. ఆవిడ బతుకంతా ఇంతే. తండ్రి పోయినప్పటి నుంచీ ఆయన వానకోటే వేసుకుని తిరుగుతుంది. కోటు కింద ఎన్ని స్వెట్టర్లు ఉంటాయో ఆ దేవుడికే తెలియాలి.

అలాంటి సబీనా మార్చి నెలలో ఒక గాలిరోజు మందుల షాపులోకి వెళ్ళి, దగ్గు బిళ్ళల డబ్బా చేతిలోకి తీసుకుని, దాని మీద అక్షరాలన్నీ చదివి, అక్కడే పెట్టేసి, వీధి ఖాళీగా ఉందని నిర్ధారించుకుని డర్కన్ గుమ్మంలో దూరింది. మా వీధి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కిటికీలకి కర్టెన్లుంటాయి, కర్టెన్ల వెనక మనుషులుంటారు.

"రండి సబీనమ్మా, కూర్చోండి. వీలునామానా?" అన్నాడు డర్కన్. అరవై నిండిన మనిషి, తండ్రి నడిపిన ఆఫీసే నడుపుతున్నాడు. ఎదుటివాళ్ళ మాట సగంలో ఉండగానే తను మిగతా సగం పూర్తి చేస్తాడు. అదొక జబ్బు.

"నేనింకా చావడం లేదు బాబూ."

"మంచిదే. మరి?"

"దారి."

ఏ దారి అని ఆయన అడగలేదు. ఊరందరికీ తెలిసిందే.

సబీనా ఇంటి వెనక గోడ దాటితే ఫెస్టస్ గాహన్ పొలాలు. రెండు పొలాలు దాటి, ఫెస్టస్ ఇంటి పక్కగోడని ఆనుకుని వెళితే ఇసుక. సబీనా చిన్నతనంలో వాళ్ళ ఇంటి నుంచి నేరుగా సముద్రానికి సొంత తోవ ఒకటి ఉండేది. ఆవిడకి పాతికేళ్ళు దాటాక ఒక చలికాలం తుఫాను వచ్చి ఆ తోవని గట్టుతో సహా కోసుకుపోయింది. అప్పటి నుంచీ ఆవిడ ఫెస్టస్ పొలాల మీదుగానే నడుస్తోంది. లేదా రోడ్డెక్కి, చర్చి దగ్గర తిరిగి, స్మశానం మీదుగా చుట్టూ పోవాలి. ఆ వయసులో, ఆ మోకాలితో, తడి నత్తల బకెట్టుతో అది చిన్న దూరం కాదు.

కిందటి శరదృతువులో ఫెస్టస్ పోయాడు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఆస్తి ఇంగ్లండులో ఉన్న మేనల్లుడికి వెళ్ళింది. రెడ్మండ్ అని, చెడ్డవాడేం కాదు, చావుకి వచ్చి అందరికీ సాండ్‌విచ్‌లు పెట్టాడు. కానీ పొలమూ ఇల్లూ అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళకి మధ్యలోంచి ఇంకొకరి దారి ఉండకూడదట. అందుకని గేటుకి గొలుసు కట్టించాడు, గోడ మెట్ల మీద ముళ్ళతీగ చుట్టించాడు. సబీనా ఒక పొద్దున్న బకెట్టు పట్టుకుని వెళ్ళి ఆ తీగ చూసి నిలబడిపోయింది. అలా చాలాసేపు నిలబడిందని, ఎవరో చచ్చిపోయినట్టు నిలబడిందని, అటువైపు గొర్రెలు మేపుకునేవాడు చెప్పాడు.

డర్కన్‌కి ఇలాంటి కేసులంటే ప్రాణం. వీలునామాలు రాసి రాసి విసిగిపోయిన మనిషి. కళ్ళజోడు పైకి తోసుకుని మొదలుపెట్టాడు.

"చూడండి, చట్టం చాలా సులువు. ఎవరి పొలంలోంచైనా సరే, ఇరవై ఏళ్ళకి తగ్గకుండా, గొడవ పడకుండా, దొంగచాటుగా కాకుండా, ఎవరి అనుమతీ లేకుండా నడిస్తే ఆ దారి మీద మీకు హక్కు పుడుతుంది. పొలం ఎవరు కొన్నా ఆ హక్కు పోదు. మిమ్మల్ని ఎవరైనా అడ్డుకున్నారా ఎప్పుడైనా?"

"లేదు."

"దొంగచాటుగా వెళ్ళారా?"

"పట్టపగలు వెళ్ళాను. బకెట్టు చప్పుడు ఊరంతా వినిపించేది."

"ఎవరినైనా అనుమతి అడిగారా?"

సబీనా నీళ్ళు నమిలింది. "అది..." అంది.

"అడగలేదు, ఎవరడుగుతారు మనూళ్ళో," అని డర్కన్ రాసేసుకున్నాడు. "ఇంకేం, కేసు మనదే. ప్రమాణ పత్రం టైపు చేయిస్తాను. వచ్చే వారం వచ్చి వీధి దాటండి చాలు."

సబీనా ఏదో చెప్పబోయి ఊరుకుంది. డెబ్బై దాటిన ముసలిది ఒక మగాడు ఎప్పుడో అన్న మాట పట్టుకుని వచ్చిందని జార్లత్ నవ్వుతాడని భయం. నిక్కరు వేసుకుని తిరిగిన రోజుల నుంచీ ఎరిగిన కుర్రాడి ముందు అలాంటి మాట ఎలా తీస్తుంది?

ఆ మాట ఇదీ. తుఫానుకి తోవ కొట్టుకుపోయిన కొద్ది రోజులకి, సాయంత్రంపూట సబీనా బుట్ట చంకన పెట్టుకుని ఫెస్టస్ గోడ దగ్గర నిలబడింది. అతను అవతల బంగాళాదుంపల మడికి మట్టి తిరగేస్తున్నాడు. ముప్పై ఏళ్ళ మనిషి, పొడుగు, ఊళ్ళో అందరికన్నా తక్కువ మాట్లాడేవాడు. సబీనాకి అతని మీద మనసుందన్న సంగతి అంతకుముందే ఊరికి తెలుసు, డ్యాన్సులో రెండుసార్లు అతనితోనే ఆడింది, మూడోసారికి సిగ్గేసి ఇంటికెళ్ళింది. అతని తల్లి ఒనోరా ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని చూస్తోంది. ఆవిడ ఎప్పుడూ ఆ కిటికీ దగ్గరే.

"ఫెస్టస్, ఇటునుంచి పోతే నీకేమైనా ఇబ్బందా?" అని అడిగింది సబీనా.

అతను పార గుచ్చి గోడ దాకా వచ్చాడు. కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. తల్లికి వినపడకూడదని గొంతు తగ్గించాడు.

"నా ప్రాణం ఉన్నంతకాలం ఈ దారి నీది సబీనా. మళ్ళీ అడక్కు," అన్నాడు.

చెయ్యి గుండెల మీద పెట్టుకుని అన్నాడు. మట్టి చెయ్యి, చొక్కాకి అంటుకుంది. అంతే. అంతకుమించి ఆ మనిషి ఆవిడతో జన్మలో ఇంకో తీపి మాట అన్న పాపాన పోలేదు.

ఒనోరా ఉండగా ఆ ఇంట్లోకి ఇంకో ఆడమనిషి రావడం జరిగే పని కాదు. మా వైపు తల్లి పొయ్యి దగ్గర కూర్చున్నంతకాలం కొడుకు పెళ్ళాన్ని తేడు, తెచ్చినా ఆ పిల్ల అక్కడ పనిమనిషే. ఒనోరా అయితే మరీ గట్టి పిండం. దగ్గుకి మంచిదని సబీనా ఎర్రనాచు తెచ్చి గోడ మీద పెడితే, పాలలో మరిగించుకుని తాగి, "ఇందులో ఇసుకుంది" అనేది. అలా ఆ నాచు తాగుతూ తాగుతూ తొంభై దాటేసింది. ఆవిడ పోయేసరికి ఫెస్టస్‌కి యాభై ఎనిమిది.

ఏడాది సూతకం అయ్యాక పెళ్ళేనని ఊరంతా కాసుకుని కూర్చుంది. చర్చి ఫాదరు కూడా సబీనాని చూసి, "నా క్యాలెండరు ఖాళీగానే ఉందమ్మా" అని హాస్యమాడాడు. ఏడాది అయింది. ఇంకో ఏడాదీ అయింది. ఆయన అడుగుతాడని ఆవిడ, ఆవిడ ఏదైనా సూచనగా అంటుందని ఆయన. ఇద్దరికీ సిగ్గే, ఇద్దరికీ అంత వయసులో నలుగురూ నవ్వుతారని బెంగే. రెండు కొంపలు, మధ్యలో రెండు పొలాలు, రోజూ ఆ మధ్యలోంచే నడక. నాకైతే వాళ్ళిద్దర్నీ పట్టుకుని తలలు ఢీకొట్టించాలనిపించేది, కానీ ఎవరి బతుకులో ఎవరం వేలు పెడతాం?

నడక మాత్రం ఆగలేదు. బురద అయ్యేచోట ఆయన చదును రాళ్ళు పరిచాడు. కొత్త బంగాళాదుంపలు గోడ మీద పెట్టేవాడు, ఆవిడ సంచి నిండా నత్తలు పెట్టేది. గోడ దాటడానికి రాతిలో రెండు మెట్లు అమర్చాడు. ఆవిడ మోకాలు పాడైన ఏడాది, ఒకరోజు వెళ్ళేసరికి మెట్లు మూడున్నాయి. కింద కొత్తగా ఒక పొట్టి మెట్టు. ఆయన దూరంగా గొర్రెల దగ్గర నిలబడి అటు చూడనట్టు నటిస్తున్నాడు. సబీనా ఆ మెట్టు మీద కాలు పెట్టి ఎక్కింది, దిగింది. "గాలి తిరిగింది," అంది. "తిరిగింది," అన్నాడు ఫెస్టస్.

నత్తల కోసమే ఆ దారి అని సబీనా అందరితోనూ చెబుతుంది. అది అబద్ధం. నత్తలు రోడ్డు మీదుగా వెళ్ళినా దొరుకుతాయి, చుట్టయినా సరే. ఆ రాళ్ళ మీద, ఆ మెట్ల మీద నడుస్తుంటే ఆవిడకి ఫెస్టస్ ఇంకా గొర్రెల దగ్గర నిలబడి చూడనట్టు నటిస్తున్నట్టే ఉంటుంది. అది లేకపోతే ఆవిడకి ఫెస్టస్ ఎక్కడా లేడు. సమాధి రాయి మీద కూడా ఆయన పేరు తల్లి పేరు కిందే చెక్కారు.

తరువాతి వారం ప్రమాణ పత్రం తయారైంది. డర్కన్ దాన్ని కవర్లో పెట్టి ఇచ్చి, "ఎదురుగా ఈటా ఉంది, ఐదు నిమిషాల పని," అన్నాడు. సబీనా వీధి దాటింది. రొట్టెల దుకాణంలో మాటలు ఆగిపోయాయి.

ఈటా కిల్బేన్ ఎవరినీ తొందరపెట్టదు. ప్రతి కాగితాన్నీ సంతకం పెట్టబోయేవాళ్ళకి వినపడేలా పైకి చదువుతుంది. డర్కన్‌కి అది ఒళ్ళుమంట, కానీ ఆవిడ మానదు. పవిత్ర గ్రంథం సబీనా కుడిచేతికి ఇచ్చి చదవడం మొదలుపెట్టింది. ఊరూ పేరూ చదివింది, పొలాల సరిహద్దులు చదివింది.

"నాలుగో పేరా. 'సదరు దారిన నడవడానికి నేను ఫెస్టస్ గాహన్‌ని ఎన్నడూ అనుమతి కోరలేదు. ఆయన నాకు ఎన్నడూ అనుమతి ఇవ్వలేదు.'"

సబీనా పుస్తకం బల్ల మీద పెట్టేసింది.

"ఇంకోసారి చదువు ఈటమ్మా."

ఈటా ఇంకోసారి చదివింది.

"ఆయన ఇచ్చాడు," అంది సబీనా.

ఈటా కళ్ళజోడు తీసింది. "సబీనమ్మా, నేను మీ లాయర్ని కాను, మీ కేసు నాకు తెలియకూడదు. కానీ ఇది నిజం కాకపోతే పుస్తకం పట్టుకోకండి. వెళ్ళి జార్లత్‌తో చెప్పండి."

సబీనా కవరు పట్టుకుని మళ్ళీ వీధి దాటింది. వీధి ఒకసారి దాటి, ప్రమాణం చెయ్యకుండా వెనక్కి దాటడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం దాని మీద ఎన్ని కథలు పుట్టాయో చెప్పలేను.

డర్కన్ అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు. "అనుమతి ఇచ్చాడా? ముందే చెప్పకూడదా? ఏమన్నాడు?"

సబీనా గోడకేసి చూస్తూ చెప్పింది. ఎన్నో ఏళ్ళుగా నోటితో ఎవరికీ చెప్పని మాట. సగం మింగేసింది. "ఈ దారి నీది అన్నాడు. ప్రాణం ఉన్నంతకాలం అన్నాడు. మళ్ళీ అడగొద్దన్నాడు."

డర్కన్ నవ్వలేదు. కలం కింద పెట్టేశాడు.

"సరే, ముసుగులో గుద్దులాట లేకుండా చెబుతాను," అన్నాడు. "అనుమతి మీద నడిస్తే హక్కు పుట్టదు. ఎన్నేళ్ళు నడిచినా మీరు చుట్టం కిందే లెక్క. ఇచ్చినవాడు పోతే అనుమతీ పోతుంది." ఆగి, ముందుకు వంగాడు. "కానీ ప్రాణం ఉన్నంతకాలం అన్నారు కదా, ఎవరి ప్రాణం? 'నా ప్రాణం' అన్నాడా, 'నీ ప్రాణం' అన్నాడా?"

"అంటే?"

"నీ ప్రాణం ఉన్నంతకాలం అని ఉంటే అది మీకు జీవితకాలానికి ఇచ్చిన మాట. ఆ మాట నమ్మే మీరు ఇంకో తోవ వేసుకోలేదు, ఇల్లు మారలేదు, బతుకంతా దాని మీదే కట్టుకున్నారు. అది పట్టుకుని నేను జడ్జి ముందు నిలబడతాను. గెలుస్తానని చెప్పను, కానీ నిలబడటానికి కాళ్ళుంటాయి. నా ప్రాణం ఉన్నంతకాలం అని ఉంటే, ఆ మాట ఆయనతో పాటే స్మశానానికి వెళ్ళిపోయింది. ఒక్క అక్షరం సబీనమ్మా. అప్పుడు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. వాళ్ళమ్మ కిటికీలో ఉంది. ఆవిడకి వినపడలేదు."

"అంటే తెలిసింది మీకొక్కరికే." డర్కన్ లేచి తలుపు తీశాడు. "ఇప్పుడు చెప్పకండి. బాగా గుర్తు తెచ్చుకోండి. రేపు రండి. మీరు ఏది చెబితే అదే రాస్తాను, రెండోసారి అడగను."

లాయర్లని తిట్టడం మా ఊళ్ళో అందరికీ అలవాటే, నాకూ అలవాటే. కానీ ఆ రోజు డర్కన్ చెయ్యగలిగినంత మేలు చేశాడు. తలుపు తీసి, ఆవిడ చేతిలో ఒక అక్షరం పెట్టి పంపాడు.

సబీనా ఇంటికి వెళ్ళి తిన్నగా వెనక గోడ దగ్గరికి పోయింది. ముళ్ళతీగ అలాగే ఉంది. తీగ కింద మూడు మెట్లు కనిపిస్తున్నాయి, కిందది మిగతావాటికన్నా కొత్త రంగు. అవతల చదును రాళ్ళ మధ్య అప్పుడే గడ్డి లేస్తోంది. ఒక వేసవి గడిస్తే రాళ్ళు కనపడవు.

'నీ' అంటే చాలు. ఎవరు కాదంటారు? ఒనోరా పోయింది, ఫెస్టస్ పోయాడు. ఫెస్టస్ బతికుంటే తనే అనేవాడు, ఏదో ఒకటి రాసుకో సబీనా, నీ కాలు నొప్పి అని. ఆయనకి దారి ఇవ్వాలని ఉంది, అక్షరం తప్పాడంతే. ఆ దిద్దుబాటేదో తను చేస్తే తప్పేముంది?

సబీనా నోట్లోనే అనుకుని చూసింది. నీ ప్రాణం ఉన్నంతకాలం. బాగానే ఉంది. ఇంకోసారి అనుకుంది. ఈసారి ఆవిడకి ఫెస్టస్ కనిపించలేదు. కిటికీకి వీపు పెట్టి నిలబడిన మనిషి, తగ్గించిన గొంతు, గుండె మీద మట్టి చెయ్యి, ఏదీ రాలేదు. 'నీ' అన్నవాడు గుండె మీద చెయ్యి ఎందుకు పెట్టుకుంటాడు? అతను తన ప్రాణం సంగతి చెబుతున్నాడు కాబట్టే చెయ్యి అక్కడికి వెళ్ళింది. మా వైపు మగాళ్ళు గొర్రెల ప్రాణం గురించి మాట్లాడతారు, పడవ ప్రాణం గురించి కూడా మాట్లాడతారు. ఒక ఆడమనిషి ముందు నా ప్రాణం అన్న మగాణ్ణి సబీనా ఇంకొకణ్ణి ఎరగదు. ఆ ఒక్క అక్షరం తీసేస్తే ఆవిడకి మిగిలేది పొలంలో నడవడానికి ఇచ్చిన పర్మిషను.

సబీనా గోడ మీద తల ఆనించి ఏడ్చింది. ఫెస్టస్ చచ్చిపోయినప్పుడు ఏడవడానికి ఆవిడకి ఏ వరసా లేకపోయింది. చర్చిలో నాలుగో బెంచీలో కూర్చుంది, సాండ్‌విచ్ తింది, ఇంటికొచ్చింది. ఇప్పుడు మాత్రం ఎవరూ లేరని చూసుకోకుండా ఏడ్చింది.

మర్నాడు డర్కన్ గుమ్మం ఎక్కేముందు ఆవిడ మందుల షాపులోకి వెళ్ళలేదు. దర్జాగా వీధిలోంచే వెళ్ళింది.

"'నా' అన్నాడు," అంది కుర్చీలో కూర్చోకుండానే.

డర్కన్ అడగనన్నాడు కానీ అడిగాడు. "ఖాయమా?"

"గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాడు. నా ప్రాణం ఉన్నంతకాలం ఈ దారి నీది సబీనా, మళ్ళీ అడక్కు. ఇదే మాట."

డర్కన్ నిట్టూర్చి ఫైలు మూశాడు. "అయితే కేసు లేదు సబీనమ్మా. నాకు చాలా బాధగా ఉంది."

"తెలుసు. ఫైలు తెరువు బాబూ."

"ఎందుకు?"

"ఇందాక నేను చెప్పిన మాట రాయి. నాలుగో పేరా కొట్టేసి అక్కడ అది రాయి. ఆయన చెయ్యి ఎక్కడ పెట్టుకున్నాడో కూడా రాయి. వీధి దాటి చెబుతాను."

డర్కన్‌కి అర్థం కాలేదు. "అది రాసి కోర్టుకిస్తే మనమే ఓడిపోతాం కదా. కోర్టుకి ఇవ్వకపోతే ఈ కాగితం దేనికీ పనికిరాదు."

"కోర్టుకి ఎవరిమ్మన్నారు?" అంది సబీనా. "నాకు పెళ్ళి రిజిస్టర్లో పేరు లేదు. ఆయన సమాధి మీద పేరు లేదు. ఆయన ఆ మాట నాతో అన్నాడని తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కళ్ళు లేరు. నేను పోతే ఆ మాట అన్నట్టే ఉండదు. అన్నాడని ముద్ర వేసి ఉన్న కాగితం ఒకటి నాక్కావాలి. మీ లాయర్లు చేసే పని ఇదే కదా?"

జార్లత్ డర్కన్ టైపు మనిషిని పిలవకుండా తనే కూర్చుని కొట్టాడు. ఎప్పుడూ ఎదుటివాళ్ళ మాట పూర్తి చేసే మనిషి ఆ రోజు ఒక్క మాట కూడా తన సొంతం కలపలేదు. 'సదరు' అని కూడా రాయలేదు.

సబీనా కాగితం పట్టుకుని వీధి దాటింది. గాలికి తండ్రి కోటు ఎగురుతోంది. రొట్టెల దుకాణంలో అందరూ కిటికీ అద్దం దగ్గరికి వచ్చేశారు, దాచుకోనైనా దాచుకోలేదు.

ఈటా పుస్తకం చేతికిచ్చి, అలవాటు ప్రకారం పైకి చదివింది. నాలుగో పేరా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు దానంతటదే తగ్గింది, కిటికీలో ఎవరో వింటున్నట్టు.

"'తుఫాను వచ్చిన చలికాలం, సాయంత్రంపూట, ఫెస్టస్ గాహన్ తన పొలం గోడ దగ్గర గుండె మీద చెయ్యి పెట్టుకుని నాతో ఇలా అన్నాడు. నా ప్రాణం ఉన్నంతకాలం ఈ దారి నీది సబీనా. మళ్ళీ అడక్కు.'"

సబీనా చేత అడుగున సంతకం పెట్టించి ఈటా తలెత్తింది. "ఇది మీ పేరేనా?"

"నాదే."

"మీ సంతకమేనా?"

"నాదే."

"ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

"నిజం," అంది సబీనా, పుస్తకం గట్టిగా పట్టుకుని. అంత స్పష్టంగా ఆవిడ మాట్లాడగా ఈటా ఎప్పుడూ వినలేదట. తరువాత చాలా రోజులకి నాతో చెప్పింది, చెప్పకూడని మనిషైనా. ముద్ర వేసి, సంతకం పెట్టి, ఈ కాగితం ఎక్కడికి పంపమంటారని అడగబోయి ఈటా మానుకుంది. నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికే ఇచ్చింది.

సబీనా దావా గెలిచిందని రొట్టెల దుకాణంలో తేలింది. ఇప్పటికీ అదే నిలబడింది. మరి ముళ్ళతీగ ఎందుకు తియ్యలేదంటే, దానికి కూడా వాళ్ళ దగ్గర ఏదో సమాధానం ఉంది.

ఆ వారాంతం పెద్ద ఆటు వచ్చింది. సబీనా కాగితం కోటు లోపలి జేబులో పెట్టుకుని, బకెట్టు పట్టుకుని రోడ్డెక్కింది. చర్చి దగ్గర తిరిగి, స్మశానం మీదుగా కుంటుకుంటూ నడిచి ఇసుకలోకి దిగింది. సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. అక్కడి నుంచి చూస్తే ఫెస్టస్ ఇంటి పక్కగోడ, దాని పైన పొలాలు, ఆ పైన తన వెనక గోడా కనిపిస్తాయి. మెట్లు కనపడవు, కానీ ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసు.

"'నీ' అని ఉంటే నీ సొమ్మేం పోయేది ఫెస్టస్?" అని గట్టిగానే కోప్పడింది. ఇన్నేళ్ళలో ఆయన మీద కోప్పడటం అదే మొదలు. ఆ తర్వాత జేబు మీద చెయ్యి పెట్టుకుని, కాగితం అక్కడే ఉందని చూసుకుని, నత్తలు ఏరడానికి వంగింది.